బాపమ్మ చెప్పగా రాసిన పేజీ

మా బాపమ్మ, అంటే నాన్నను కన్నతల్లి, ఉండే ఊరు ఓపెన్‌కాస్ట్ బొగ్గుగని తవ్వకం కింద పోతుందని తేలినప్పుడు నేను గోదావరిఖనిలో డిగ్రీ చదువుతున్నాను. నాన్న గనిలో పనిచేసేవాడు. మేము కంపెనీ క్వార్టర్లో ఉన్నా, సెలవొస్తే నా కాళ్లు ఆ ఊరి వైపే లాగేవి. ఇళ్లు కూల్చకముందే దాన్ని ఎక్కడైనా దాచుకోవాలనిపించింది. చౌరస్తా దగ్గర ఇంటర్నెట్ సెంటర్ నడిపే అక్కను అడిగాను, వెబ్ పేజీ చెయ్యడం కష్టమా అని.

"కష్టమేముంది చెల్లె? నోట్‌ప్యాడ్ తెరువు," అంది. మా ఊరి పేరు రాయించి, దానికి రెండు వైపులా కోణాల్లాంటి గుర్తులు పెట్టించింది. "గిదాన్ని ట్యాగ్ అంటరు. ఈడ తెరిస్తే ఆడ మూసెయ్యాలె. తలుపు తీసినోళ్లే ఏసుకోవాలె గద!"

సేవ్ చేసి తెరిస్తే మా ఊరి పేరు పెద్ద అక్షరాల్లో వచ్చింది. మూసి మళ్లీ తెరిచి చూశాను. వారం తిరగకముందే పేరాలు, రంగులు పట్టుబడ్డాయి. ఇంటి ఫొటో మాత్రం సతాయించింది. ఎన్నిసార్లు తెరిచినా ఖాళీ డబ్బాలో ఎర్రటి ఇంటూ గుర్తే. చివరికి ఫైలు పేరులో ఒక అక్షరం తప్పు కొట్టానని అక్క పట్టుకుంది.

అది సరిచేసిన మర్నాడే బాపమ్మను ఆటోలో సెంటర్‌కు తీసుకొచ్చాను. తెర దగ్గరికి వంగి చూసింది.

"ఇది ఎవలిల్లు బిడ్డా?"

"మనదే బాపమ్మా."

"మనదైతే మల్లెచెట్టేది?"

"ఫొటోల పడలే."

"పడకపోతే రాయి. ఈడ మల్లెచెట్టున్నదని రాయి."

తెలుగు టైపు చెయ్యడం మాకు రాదు. ఇంగ్లిష్ అక్షరాలతోనే తెలుగు మాటలు కొట్టాను.

"అచ్చిందా? సదువు."

చదివాను. ఇక ఆమె ఆగలేదు. కొత్త కోడలిగా బండి దిగిన చోటు, ఇంట్లో నాన్న పుట్టిన అర్ర, బాయి నీళ్ల తీపి. "పక్కింటామెతోటి శానా రోజులు మాట్లాడలే. గదీ రాయి," అంటే వెనక నిలబడ్డ అక్క పకపకా నవ్వింది. పేజీ పొడుగవుతూనే ఉంది. దాన్ని ఒక ఉచిత సైటులో పెట్టాం.

ఊరు ఖాళీ అయ్యింది. కొన్నేళ్లకు ఆ సైటూ మూతపడింది. పేజీని కాపీ చేసి నేను దాచిన ఫ్లాపీ కూడా తెరుచుకోలేదు. ప్రత్యేక రాష్ట్రం వచ్చేనాటికి నేను హైదరాబాద్‌లో వెబ్‌సైట్లు చేసే ఉద్యోగంలో ఉన్నాను. బాపమ్మ అప్పటికే లేదు. ఎన్ని పేజీలు చేసినా, పక్కన కూర్చుని "సదువు" అనే మనిషి కోసం ప్రాణం కొట్టుకుంటుంది.

చివరి రోజుల్లో ఆమె మా క్వార్టర్లోనే ఉంది. మధ్యాహ్నం గనిలో బ్లాస్టింగ్‌కు కిటికీలు అదిరితే, చేతిలో ముద్ద పళ్లెంలో పెట్టి ఊరున్న దిక్కు తిరిగేది.

"ఇయ్యాల తవ్వుకుంట ఎవలింటి కాడికొచ్చిండ్రో," అనేది.

ఆమె మళ్లీ ముద్ద అందుకునేదాకా పక్కనే కూర్చునేదాన్ని.