వెలుగు అవతల ఉండాలె

మెదక్ చర్చిల జీవరత్నం పని తలుపులు తెరుసుడు, మూసుడు. వచ్చినోళ్లకు ముచ్చట చెప్పుడు మాత్రం ఆయన సొంత ఇష్టం. కరువు కాలంల ఇంత బువ్వ కోసం తన తాత మోసిన రాళ్లివే అని గొడుగు కొనతోని చూపెడుతడు. ఆఖరుకు రంగుటద్దాల కిటికీ కాడ ఆగుతడు. వెనుక ఎండ ఉంటేనే అండ్ల ప్రభువు, శిష్యులు కనవడుతరు. ఏం లాభం? జనం ఏడుపాయల గుడిల మొక్కి, ఆడనే తిని, పొద్దు గూకినంక ఈడ దిగుతరు. "జర లైటెయ్యరాదు తాతా" అంటరు. "లోపల ఏస్తే కనవడది బిడ్డా, వెలుగు అవతల ఉండాలె" అని చెప్పి చెప్పి ఆయన నోరు నొచ్చింది.

మొన్న ఒకామె సెల్ లైటు కొట్టి, "ఏమున్నది గీండ్ల, ఉత్త నల్లద్దాలే గద!" అన్నది. జీవరత్నానికి మండింది. గొడుగు ఆమె చేతిల పెట్టి, "ఈడనే ఉండుండ్రమ్మా" అని చర్చి వెనుకకు పోయి, నిచ్చెన ఎక్కి, తన సెల్ లైటు బయటినుంచి అద్దానికి ఆనిచ్చిండు. "కనవడ్డదా?" అని కేకేసిండు. గేటు కాడ ఆమె వచ్చిన బస్సు హారన్ కొట్టింది. సెల్లును కిటికీ గట్టు మీదనే ఇడిసి లోపలికి ఉరికొచ్చిండు. బెంచీ మీద గొడుగొక్కటే ఉన్నది. తలెత్తితే, నల్లద్దంల ఒక శిష్యుని పాదం ఎర్రగ మెరుస్తున్నది. జీవరత్నం గొడుగు కొన అటు ఎత్తి, "ఇగో, చూడుండ్రి" అన్నడు ఖాళీ బెంచీలతోని.