పరిగెత్తించందే బూట్లమ్మని బావ

బావకు ఒకటే జబ్బు. వట్టికాళ్లతో పరిగెత్తించి చూడందే ఎవరికీ బూట్లమ్మడు.

కొట్టు బామ్మర్దిది. డ్రిల్లు మాస్టారుగా రిటైరైన అక్కమొగుడు ఇంట్లో ఊరికే కూర్చోలేనంటే, పాపం పోనీలే అని కౌంటరు అప్పజెప్పాడు. ఆ రోజునుంచీ కొట్టు ముందు సందులో ప్లీడర్లూ, పంతులమ్మలూ, ఓసారి ఏకంగా ఓ పెళ్లికొడుకూ, చెప్పులు చేత్తో పట్టుకుని పరుగో పరుగు!

"మడమతో నేలని తంతున్నావయ్యా! నేల ఊరుకుంటుందా? తిరిగి నీ మోకాలిని తంతుంది. అడుగు చిన్నది వెయ్. పిల్లి దిగినట్టు మెత్తగా దిగాలి."

"బావా, ఆయన బూట్లు కొనడానికొచ్చాడు!"

"కొంటాడ్రా. ముందు ఆయన కాళ్లేమంటున్నాయో విననీ."

ఓ సాయంత్రం ఆస్పత్రి నర్సమ్మ కుంటుకుంటూ వచ్చింది. భారీ మనిషి. మొనదేలిన బూట్లలో వేళ్లు ఒకదాని మీదొకటి ఎక్కి కూర్చున్నాయి. బావ ముందువైపు వెడల్పుగా ఉన్న జత తీశాడు. ఆపైన మామూలే.

"ఏదమ్మా, ఓ పదడుగులు పరిగెత్తు."

ఆవిడ సందులోకి చూసింది. నలుగురు నిలబడి ఉన్నారు.

"నవ్వుతారండీ," అని కొత్త బూట్లక్కడే వదిలేసి వెళ్లిపోయింది.

"వచ్చిన బేరం చెడగొట్టావు!" బామ్మర్ది నెత్తి కొట్టుకున్నాడు. బావ ఆ వెడల్పు జత తీసి పక్కన పెట్టాడు.

మర్నాటినుంచీ తెల్లారేసరికి బావ మాయం. రెండు వారాలు చూసి అక్క తమ్ముణ్ణి తరిమింది.

"మీ బావ ఎటు పోతున్నాడో చూసి రారా!"

స్కూలు మైదానంలో దొరికాడు. తడి గడ్డి మీద నర్సమ్మ వట్టికాళ్లతో నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక. వెనకాల బావ. ఏం పరుగది! మోకాళ్లు గడ్డాన్ని గుద్దుతున్నాయి, చేతులు గిర్రున తిరుగుతున్నాయి. గట్టు మీది జనం పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. ఒక్కడూ నర్సమ్మ వైపు చూడడంలేదు.

పరుగు పందేల్లో కప్పులు కొట్టిన బావ ఇలానా! బామ్మర్దికి మతి పోయింది.

"ఏంటి బావా, ఈ కోతి గంతులు?"

"ష్! ఆ వెడల్పు బూట్లు ఆస్పత్రికి పట్టుకెళ్లి ఇచ్చి, ఆవిణ్ణి బతిమాలి తీసుకొచ్చా. నవ్వులన్నీ నా మీద పడితే ఆవిడ హాయిగా పరిగెడుతుంది. మొదట్లో సగం రౌండుకే ఆయాసం, ఇవాళ మూడు! కానీ జనానికి నేను పాతబడిపోయాన్రా. నిన్నటినుంచి కొందరు అటు చూస్తున్నారు."

బామ్మర్ది గట్టు వైపు చూశాడు. నర్సమ్మ వైపు చూశాడు. నిట్టూర్చి బూట్లు విప్పాడు, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచాడు.

"జరుగు బావా!"

బొజ్జ ఊపుకుంటూ మైదానంలోకి దూకాడు. గట్టు మీద ఈలలు, చప్పట్లు.

అవతల నర్సమ్మ నాలుగో రౌండు మొదలెట్టింది.