పూడ్చిపెట్టని కాగితం

నాకు కాగితాలంటే పిచ్చి. ఇప్పటికీ మా ఇంట్లో ఎవరైనా పాత కరెంటు రసీదు చించి పారేశారంటే ఆ పూట గొడవే. పిల్లలు నవ్వుకుంటారు, నా భార్య విసుక్కుంటుంది. ఈ పిచ్చి నాకు కువైట్‌లో పట్టింది. దానివల్ల ఒక మంచి మనిషి ప్రాణం పోగొట్టాను. ఆ సంగతి ఇంతవరకు మా ఇంట్లో కూడా చెప్పుకోలేదు.

కడప జిల్లా నుంచి డ్రైవరుగా వెళ్ళిన మొదటి సంవత్సరం ఒక శుక్రవారం ఫర్వానియా బజారుకు పోయాను. ఆ దేశంలో ఉండనిస్తూ ఇచ్చే ఇఖామా ఇంకో చొక్కా జేబులో ఉండిపోయింది. పోలీసులు పట్టుకుని రెండు రోజులు ఠాణాలో కూర్చోబెట్టారు. చొక్కా మార్చానయ్యా మహాప్రభో అని తెలుగులో మొత్తుకున్నాను, వచ్చీరాని అరబ్బీలో మొత్తుకున్నాను. నా మొహం చూసినవాడు లేడు. మూడో రోజు నాకు వీసా ఇచ్చిన యజమాని, మా కఫీల్ వచ్చి ఆ కాగితం బల్ల మీద పెట్టాడు. నిమిషంలో వదిలేశారు. ఆరోజు నుంచి నిద్రలో లేపి అడిగినా నా కాగితాలు ఎక్కడున్నాయో చెప్పేవాణ్ణి.

మా కఫీల్‌ను మేము బాబా అనేవాళ్ళం. డెబ్బై దాటిన మనిషి, భార్య పోయింది, కూతురి కుటుంబంతో ఉండేవాడు. ఆ కూతురిని, మనం అమ్మగారూ అన్నట్టు, మామా అని పిలిచేవాళ్ళం. వంటకు రాయచోటి వైపు నుంచి వచ్చిన ఒకావిడ ఉండేది. నన్ను అన్నా అనేది, నేను చెల్లెలా అనేవాణ్ణి. చదువు రాదు, నోరు మాత్రం పెద్దది. నాకూ కోపం తక్కువేం కాదు కాబట్టి వంటింట్లో మా ఇద్దరికీ రోజూ ఏదో ఒక వాదులాట ఉండేది.

బాబాకు ఒక పిస్తోలు ఉండేది. తెల్లటి పొడుగు అంగీ లోపల, నడుముకు తోలు పటకాలో పెట్టుకునేవాడు. వయసులో ఉన్నప్పుడు తీసుకున్న అనుమతి. ఆ కాగితాన్ని రుఖ్సా అంటారు. ఏటా తప్పకుండా కొత్త ముద్ర వేయించేవాడు. పిస్తోలు బయటికి కనబడితే అనుమతి రద్దవుతుందని అంగీ సర్దుకుంటూ ఉండేవాడు. దాన్ని ఆయన పేల్చగా నేను ఒక్కసారి కూడా చూడలేదు. పక్కింటివాళ్ళకు కూడా దాని సంగతి తెలియదనుకుంటాను.

మూడు నాలుగు నెలలకోసారి సౌదీలో ఉన్న చెల్లెలి ఇంటికి బాబాను నేనే కారులో తీసుకెళ్ళేవాణ్ణి. సరిహద్దు దగ్గర కువైట్ ఠాణా రాగానే ఆయన దిగి, పిస్తోలు తీసి పోలీసుల చేతికిచ్చి, రసీదు తెచ్చి నాకిచ్చేవాడు. తిరుగు ప్రయాణంలో రసీదు చూపించి మళ్ళీ తీసుకునేవాళ్ళం. ఎందుకు బాబా ఇంత తంటా, అంగీ కింద ఎవరు చూడొచ్చారు అని ఒకసారి నవ్వాను. ఆయన నవ్వలేదు.

"మన రుఖ్సా మన గడప వరకే. పక్కదేశంలో అది ఉత్త కాగితం" అన్నాడు.

ఆయనకు మతిమరుపు. అందుకని ఆయన కాగితాలన్నీ నేనే చూసుకునేవాణ్ణి. గుర్తింపు కార్డు, పాస్‌పోర్టు, బండి కాగితాలు, పిస్తోలు రుఖ్సా అన్నీ ఒక నల్ల తోలు కవరులో, ఏది ముందు ఏది వెనుక అని వరసగా పెట్టేవాణ్ణి. ఎవరేం అడిగినా కవరు మొత్తం తీసి ముందు పెట్టడం నా అలవాటు. ఒక్కొక్కటిగా తీసి ఇస్తే ఏదో దాస్తున్నామనుకుంటారని నా తెలివి.

తొంభయ్యో సంవత్సరం వేసవిలో మామా, ఆమె భర్త, పిల్లలు లండన్ వెళ్ళారు. ఎండలంటే భయపడని బాబా ఇంట్లోనే ఉండిపోయాడు. ఆగస్టు మొదట్లో ఒకరోజు పొద్దున్నే ఫిరంగుల మోతకు లేచాం. ఇరాక్ సైన్యం వచ్చేసిందన్నారు. రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుందని బాబా అన్నాడు. మూడు వారాలైనా సర్దుకోలేదు. ఖుబ్బూస్ రొట్టెల కోసం నేను తెల్లారకముందే వరసలో నిలబడేవాణ్ణి. మా వీధి మొదట్లోనే సైనికులు ఇసుక బస్తాలు పేర్చుకుని కూర్చున్నారు. ఇండియా వాళ్ళనైతే "హిందీ, రూహ్" అని వదిలేసేవాళ్ళు, అంటే హిందూస్థానీవా, పో అని. కువైటీలను మాత్రం దింపి, బండి అంతా వెతికేవాళ్ళు.

తర్వాత ఇళ్ళు వెతకడం మొదలైంది. ఎవరింట్లో ఆయుధం దొరికినా కాల్చేస్తామని చెప్పారు. చెప్పడమే కాదు, మా వెనక వీధిలో అంతపనీ చేశారు. ఆ రోజు మా వంటావిడ పొయ్యి ముట్టించలేదు.

"అన్నా, ఆ ముసలాయన నడుముకు కట్టుకోని తిరగతాండాడే, అది దొరికితే మన ముగ్గుర్నీ గోడకు నిలబెడతారు. నాకు ఇద్దురు బిడ్లుండారు. నువ్వన్నా చెప్పు సామీ" అంది.

వెళ్ళి చెప్పాను. బాబా మొండికేశాడు. ఇది నా ఇల్లు, నలభై ఏళ్ళ నుంచి నాకు అనుమతి ఉంది, నేను దొంగనా అన్నాడు. నేను ఒకటికి రెండు అన్నాను. యజమాని అని కూడా చూడకుండా గొంతు పెంచాను. చివరికి నోటికొచ్చింది అనేశాను.

"పక్కదేశంలో అది ఉత్త కాగితమని మీరే చెప్పారు కదా బాబా!"

"ఇది పక్కదేశమా?" అన్నాడు.

"ఇప్పుడు అంతే బాబా. మీరు కదల్లేదు, అయినా అంతే."

 కొడతాడేమో అనుకున్నాను. కొడితే బాగుండేది. లేచి అంగీ పైకెత్తి, తోలు పటకాతో సహా పిస్తోలు విప్పి నా రెండు చేతుల్లో పెట్టాడు. లోపలికి వెళ్ళి పడుకున్నాడు. ఆ మధ్యాహ్నం పెట్టిన రొట్టె కూడా ముట్టలేదు. ఒక పెద్దమనిషిని అంత మాట అన్నందుకు నాకు సిగ్గేసింది, కానీ ముగ్గురమూ బతికిపోయాం అనుకున్నాను.

సులైబియాలో బాబాకు గొర్రెల దొడ్డి ఉండేది. దాణా తీసుకుని వారానికోసారి నేను వెళ్ళివస్తుండేవాణ్ణి. పిస్తోలు అక్కడ పూడ్చాలనుకున్నాం. వంటింట్లో నూనె గుడ్డలో చుట్టి, బార్లీ బస్తా అడుగున పెడుతుంటే చెల్లెలు నల్ల కవరు వైపు చూసింది.

"ఆ కాగితం గూడా అందులోనే పెట్టన్నా. తుపాకీ లేనిదానికి కాగితం ఎందుకు?"

"నీకేం తెలుసు కాగితం విలువ? ఈ గొడవ ఖలాస్ అయినాక ఈ రుఖ్సా లేకపోతే ఆ పిస్తోలు ఆయనదని ఎవరు నమ్ముతారు? ముద్రలున్న కాగితాన్ని మట్టిలో వేస్తారా ఎవరైనా?"

"నాకెందుకో బాగలేదన్నా."

"నీకు చదువు రాదు, అందుకే బాగలేదు" అన్నాను.

ఆ మాట నేనే అన్నాను. రుఖ్సాను మళ్ళీ కవరులోనే, దాని చోటనే పెట్టాను.

సులైబియా దారిలో ఒక చెక్‌పోస్టు దాటాలి. సైనికుడు బస్తాను తుపాకీ కొనతో రెండు పోట్లు పొడిచాడు.  "హిందీ, రూహ్" అన్నాడు. దొడ్డిలో నీళ్ళతొట్టి పక్కన మోచేయి లోతు తవ్వి పిస్తోలు పూడ్చి వచ్చాను. ఖలాసా అని బాబా అడిగాడు. అంతా ఖలాస్ బాబా అన్నాను. కాగితం ఏం చేశావని ఆయన అడగలేదు. అలాంటివి నేను చూసుకుంటానని ఆయన నమ్మకం.

ఇంకో పది రోజులకు, ఎడారి దారిలో సౌదీకి దాటించే బెదూయిన్ తెగవాడొకడు బాబాకు కబురు పంపాడు. సులైబియా దొడ్డి దగ్గరికి వస్తే అక్కడి నుంచి తను తీసుకెళ్తానన్నాడు. బాబా సౌదీలోని తన చెల్లెలి ఇంటికి చేరిపోతే ఇక మామా వాళ్ళ దగ్గరికి వెళ్ళవచ్చు. ఆయన వెళ్ళాక మేమిద్దరం కూడా మనవాళ్ళతో కలిసి బస్సుల్లో ఇండియాకు బయల్దేరవచ్చని అనుకున్నాం. వంటావిడ దారికి ఖర్జూరాలు, రొట్టెలు కట్టిచ్చింది. గొర్రెలకు దాణా వేయడానికి వెళ్తున్నామని చెప్పాలనుకుని పొద్దున తొమ్మిదింటికి బండి తీశాను. నల్ల కవరు డాష్‌బోర్డు మీద పెట్టాను. సౌదీలో పోలీసులు ఏం అడిగినా ఉండాలి కదా అని అన్నీ అందులోనే ఉంచాను.

అదే చెక్‌పోస్టు. ఈసారి సైనికుడి పక్కన ఒక అధికారి ఉన్నాడు. ముసలాయన కార్డు ఇవ్వమన్నాడు. కార్డు ఒక్కటే అడిగాడు. నేను కవరు మొత్తం తీసి, రెండు చేతులతో, ఎంతో మర్యాదగా ఇచ్చాను.

అతను ఒక్కొక్కటే తిప్పుతూ పోయాడు. నాలుగో కాగితం దగ్గర ఆగాడు. పిస్తోలు ఎక్కడ అని బాబాను అడిగాడు. అప్పటికి గాని నాకు బుర్ర వెలగలేదు.

బాబా తల తిప్పి నావైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. ఇదేమిటి, ఇది ఇంకా ఉందా అన్నట్టు చూశాడు, అంతే. తర్వాత అధికారి వైపు తిరిగి, ఎప్పుడో పోగొట్టుకున్నానన్నాడు. పోగొట్టుకుంటే ఈ ఏడాది ముద్ర ఎందుకు వేయించావని అతను అడిగాడు.  ఎవరికిచ్చావు, మా సైన్యం మీద ఏ కుర్రాళ్ళు వాడుతున్నారు దాన్ని అని అధికారి అరిచాడు. ఈ డ్రైవరుకు తెలుసా అని నావైపు వేలు చూపించాడు.

"వాడు హిందీ. బండి తోలడం తప్ప వాడికేం తెలీదు" అన్నాడు బాబా.

నేను నోరు విప్పలేదు. సులైబియాలో ఉంది, తవ్వి చూపిస్తాను, దాన్ని ఎవరూ వాడటం లేదు అని చెప్పవచ్చు. చెబితే ఆయన్ని వదిలేవారో, ఇద్దర్నీ అక్కడే కాల్చేవారో నాకు తెలియదు. అప్పుడు అంత లెక్క వేసుకోలేదు కూడా. భయపడ్డాను, అంతే. బాబాను దింపి జీపు ఎక్కించారు. చెప్పు ఒకటి జారిపోతే వంగి తీసుకోబోయాడు, తీసుకోనివ్వలేదు. నన్ను మాత్రం "హిందీ, రూహ్" అన్నారు.

ఇంటికి వచ్చేసరికి చెల్లెలు మూటలు సర్దుకుంటోంది.

"బాబా దాటేసినాడా అన్నా?"

లేదని తల ఊపాను.

"ఏం దొరికిందని పట్టుకున్యారు?"

"కాగితం" అన్నాను.

ఆమె ఒక్క మాట కూడా అనలేదు. అంత నోరున్న మనిషి, నన్ను ఎన్ని తిట్టినా పడేవాణ్ణి. మూట పక్కన పెట్టి, గోడకు చేరగిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వారం రోజులు ఠాణాల చుట్టూ, ఆసుపత్రుల చుట్టూ తిరిగాను. బాబా గురించి ఎవరూ ఏమీ చెప్పలేదు. తర్వాత ఇద్దరం బస్సెక్కి బస్రా మీదుగా, ఇరాక్ అంతా దాటుకుని జోర్డాన్ చేరి, అక్కడి నుంచి విమానంలో వచ్చేశాం. ఆమె మళ్ళీ గల్ఫ్ మొహం చూడలేదు.

నేను చూశాను. యుద్ధం ముగిశాక మామా వీసా పంపింది. పాత మనిషివి, నమ్మకమైనవాడివి, రమ్మంది. వెళ్ళకుండా ఉండవలసింది. ఇంట్లో అవసరాలు వెళ్ళమన్నాయి, వెళ్ళాను. బాబా తిరిగి రాలేదు. ఆయన్ని ఎక్కడ పూడ్చారో కూడా తెలియలేదు. ఆ రోజు చెక్‌పోస్టులో ఏం జరిగిందని మామా నన్ను అడుగుతుందని మొదటిరోజు నుంచీ భయపడుతూనే ఉన్నాను. చెప్పేయాలని కూడా అనుకుంటూనే ఉన్నాను. అరబ్బీలో ఎలా చెప్పాలో మాటలు కూడా కూర్చుకున్నాను.

ఒకరోజు దజీజ్ గోదాముల దగ్గర ఏవో సామాన్లు చూసుకుని వస్తున్నాం. వెనక సీట్లో పిల్లలిద్దరూ ఉన్నారు. ఉన్నట్టుండి మామా మాట్లాడింది.

"నాన్న మొండివాడు. ఆ పిస్తోలు వదల్లేకపోయాడు. దాన్ని నడుముకు పెట్టుకునే బయల్దేరి ఉంటాడు. నువ్వు వద్దని చెప్పలేదా?"

"చెప్పాను మామా."

"వినలేదు, కదూ?"

నేను కూర్చుకున్న మాటలన్నీ నోటి దాకా వచ్చాయి. అద్దంలో ఆమె మొహం చూశాను.

"వినలేదు మామా" అన్నాను.

ఆమె నిట్టూర్చి, చూశారా మీ తాతయ్య మొండితనం ఎంత పని చేసిందో అని పిల్లలతో అంది. ఆ ఇంట్లో ఇంకో ఆరేళ్ళు పనిచేశాను. ఆయన విన్నాడని, నడుముది విప్పి నా చేతుల్లో పెట్టాడని ఆ ఆరేళ్ళలో ఒక్కనాడు కూడా వాళ్ళకు చెప్పలేకపోయాను.