శాలువా ఆయనకు, జాకెట్టు ముక్క ఆమెకు

ఒకప్పుడు టీవీలో ఆలుమగల హాస్య నాటికలు వేసి నవ్వించిన బోధన్ దంపతులు రాజవ్వ, నర్సయ్యల జీవితం మీద తీసిన సినిమాను ఈ సాయంత్రం నిజామాబాద్‌లో చూపించారు. ఆ నాటికలన్నీ రాజవ్వవే. బీడీలు చుడుతూ ఆమె మాటలు అల్లుతుంటే భర్త నర్సయ్య విని నేర్చుకునేవాడు. వాళ్ళ పక్కింటివాణ్ణి, కళ్ళారా చూశాను. సినిమాలో మాత్రం రాసేది ఆయన, చాయ్ తెచ్చేది ఆమె. ఇది నిజజీవిత కథ అట!

సినిమా అయ్యాక నర్సయ్యకు శాలువా కప్పి మైకిచ్చారు. రాజవ్వకు బొట్టు పెట్టి, చేతిలో జాకెట్టు ముక్క పెట్టి, వేదిక దిగమన్నారు. నాకు ఒళ్ళు మండి లేచాను. అంతలో నర్సయ్య బిత్తరపోయి మైకులోనే, "ఏమే, నేనిప్పుడేం చెప్పాలె?" అన్నాడు.

రాజవ్వ మెట్ల మీద ఆగింది. "సినిమాల నువ్వే రాసినవ్ గదా, గది సూసి సదువు!"

హాలు ఘొల్లుమంది. నర్సయ్య కూడా నవ్వి, శాలువా తీసి ఆమెకు కప్పి, మైకు ఆమె చేతికిచ్చాడు.

దర్శకుడూ నవ్వాడు. నవ్వితే చాలదయ్యా, సినిమాలో ఆ నాటికల రచయిత పేరు మార్చు!

మీ ఊళ్ళో జాకెట్టు ముక్కతో సరిపెట్టిన రాజవ్వలు ఎవరో చెప్పండి. శాలువాలు నేను కొంటాను.