డి సెక్షన్ లెక్కల టీచరమ్మ

ఎవరూ తీసుకోనన్న పదో తరగతి డి సెక్షన్‌ను, చేరిన తొలి ఏడాదే సగానికి పైగా పాస్ చేయించింది మా తమ్ముడి కూతురు. మా ఇంట్లో టీచరైన మొదటి మనిషి ఆమే. ఆ తర్వాత జిల్లా పతకమూ తెచ్చుకుంది.

ఈ ఏడు కూడా డి సెక్షన్ పిల్లల్ని చక్కగా తయారుచేసింది. అర్ధ సంవత్సరం పరీక్షల ముందు, వాళ్ళలో బాగా రాసేవాళ్ళందరినీ ప్రిన్సిపాల్ ఎ సెక్షన్‌కు మార్చేశాడు. మార్కులొచ్చాక స్టాఫ్‌రూములో ఆమెను నిలబెట్టి అడిగాడు.

"ఏమ్మా, ఎ సెక్షన్ నూటికి నూరు. నీ దగ్గరున్నవన్నీ మట్టిబుర్రలేనా?"

"ఆ నూరు తెచ్చింది నా పిల్లలే సార్."

"పాలు ఎవరు పితికితేనేం, మీగడ ఎవరి గిన్నెలో ఉందో చూస్తారు."

అందరూ నవ్వారు. ఎ సెక్షన్ టీచరు ఇంకా గట్టిగా నవ్వింది.

"పోన్లే అక్కా, వచ్చే ఏడు నాకు ఇంకాస్త బాగా తయారుచేసి ఇద్దువుగాని!"

"మార్చిన పిల్లల పేర్లు నోటీసు బోర్డు మీద పెట్టండి సార్" అంది మా పిల్ల. ఆ సాయంత్రమే ఆమెను సస్పెండ్ చేశారు. మిగిలిన పిల్లలకు మాత్రం, "మీ మార్కులు చూసి సిగ్గేసి మీ టీచరు పారిపోయింది" అని చెప్పారు.

క్షమాపణ రాసిమ్మంటే ఆమె రాయలేదు. సస్పెన్షన్ గడువు తీరగానే, ఫిబ్రవరి ఏడో తేదీ ఉదయం మొదటి పీరియడ్‌కు డి సెక్షన్‌లో ఉంటుంది.