పత్తి పూల సెలవులు

నా ఉద్యోగానికి ముప్పు వచ్చిందని అనుమానం కలిగింది ఆ ఉదయం హాజరు పిలుస్తున్నప్పుడే. సగం బెంచీలు ఖాళీ. గద్వాల చుట్టుపక్కల విత్తనపత్తి పూతకొస్తే పిల్లలు కూడా క్రాసింగుకు, అంటే మగపూల పుప్పొడిని ఆడపూలకు అద్దే పనికి, పోతారని డిగ్రీ చదివిన నాకు తెలియదు. ప్రైవేటు బడిలో ఈ ఒంటిపూట టీచరు ఉద్యోగం దొరకడమే గగనం, ఇంట్లో పాల ఖర్చంతా దాని మీదే.

మధ్యాహ్నం హెడ్మాస్టరు పిలిచారు. "పిల్లలే లేరు. పూలు అయిపోయినంక రాండ్రి మేడం, అప్పటిదాంక జీతం ఇయ్యలేం."

గేటు దగ్గర ఆయమ్మ నవ్వింది. "పరేషాన్ గాకు మేడం, రేపు నాతోటి క్రాసింగుకు రా. బడి కన్న ఎక్కువిస్తరు. జర చీర పైకి చెక్కుకోవాలె, అంతే!"

తెల్లారి మా అమ్మాయిలిద్దరినీ లేపి చెప్పాను: "అమ్మ పూలకు పెళ్లి చేయడానికి పోతోంది. ఇవాళ జడలు మీరే వేసుకోండి."