డీన్ గేవా పెట్టిన సంతకం

ముగ్గురు మనుషులు తలుపు తన్ని లోపలికొచ్చిన పొద్దున, గేవా మొరియా కొత్త సెమిస్టరు టైంటేబులు సరిచూస్తోంది. ముందున్నవాడి చేతిలో గొడ్డలి. వెనక ఇద్దరి దగ్గర చెట్లు నరికే పొడుగాటి కత్తులు. బయటి గదిలో సెక్రటరీ సిపోరా పెట్టిన కేక మధ్యలోనే ఆగిపోయింది.

గేవాది దేశ రాజధాని పోర్ట్ మోర్స్‌బీ దగ్గర సముద్రపు ఊరు. పందొమ్మిదేళ్లు ఈ కొండల యూనివర్సిటీలో కెమిస్ట్రీ చెప్పి, సైన్సుకి డీన్ అయింది. ఎవరు ఏ పాఠం చెప్పాలి, ఎవరి ఉద్యోగం ఖాయం చెయ్యాలి, ల్యాబులో యాసిడ్ నిండుకుంటే ఎవర్ని బతిమాలాలి, అన్నీ ఆవిడ నెత్తినే. పరీక్ష తప్పినవాళ్ల జాబితా గోడకెక్కితే, దాని కింద ఉండేదీ ఆవిడ పేరొక్కటే.

ఆ ఏడు జాబితాలో యాపరా అనే ఎంగా కొండల కుర్రాడున్నాడు. వాళ్ల తెగలో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటివాడు. గొడ్డలి పట్టుకున్నవాడు వాడి పెద్దన్న లకాయి.

"మా తమ్ముణ్ణి తప్పించిన మాస్టారెవడు? పేరు చెప్పు."

ఆ మాస్టారు ఆవిడ ఎదుటి కుర్చీలోనే ఉన్నాడు. తోమారు అని, ఉద్యోగంలో చేరి నాలుగు నెలలైంది. మొహంలో నెత్తుటి చుక్క లేదు.

గేవా అతని మీద విరుచుకుపడింది. "ఏమయ్యా గుమాస్తా, గుడ్లప్పగించి చూస్తావేం? ఆ కాగితాలు పట్టుకెళ్లి కాపీలు తియ్యి. పొద్దున్నించీ ఒక్క పని తెమల్లేదు నీకు!"

తోమారు కాగితాలు గుండెకి హత్తుకుని లేచాడు. లకాయి పక్కకి తప్పుకుని దారిచ్చాడు. "పోరా, నీతో మాకేం పని."

అడుగుల చప్పుడు దూరమయ్యేదాకా ఆగి గేవా అంది. "సంతకం నాది. అడగాల్సిందేదో నన్నడుగు."

"సముద్రపొడ్డు ఆడదానివి, మా కొండల్లో నీ పెత్తనమేంటే?"

"చేపల్ని చీల్చిన చేతులు నాయనా ఇవి, కత్తులు చూపించకు. మీ తమ్ముడి చేత అర్జీ రాయించు. పేపరు నేనే మళ్లీ చూస్తా."

"కాగితాలు తీసుకొచ్చి మా మొహాన కొడతావా!" లకాయి నోట్లోని వక్కపిప్పి టైంటేబులు మీద ఎర్రగా ఉమ్మి, గొడ్డలి ఎత్తాడు.

మొదటి దెబ్బకి బల్ల రెండు చెక్కలైంది. గేవా కుర్చీ ఎత్తి పక్కనున్నవాడి మోకాలి మీద మోదింది. ఎముక చిట్లిన చప్పుడైంది. రెండోవాడు, లకాయి నడిపి తమ్ముడు, కత్తితో వేటు వేశాడు. ఆవిడ కుడిచెయ్యి అడ్డం పెట్టింది. రెండు వేళ్లు నేల మీద పడ్డాయి. నొప్పి ఇంకా తెలియలేదు. వేళ్లకేసి చూస్తుండగానే భుజం మీద ఇంకో వేటు పడింది.

బయటి గదిలో దెబ్బ తిని చెంప చీలిన సిపోరా నిప్పులార్పే సిలిండరు రెండు చేతులా ఎత్తి వెనకనుంచి లకాయి తల మీద దించింది. వాడు మొదలు నరికిన చెట్టులా కూలాడు.

అప్పటికి వరండా నిండా విద్యార్థులే. నడిపివాడు కిటికీలోంచి దూకాడు. గడ్డి మైదానంలో వాణ్ణి పట్టుకున్నారు. కర్రలు, రాళ్లు, బూటు కాళ్లు. గేవా కిటికీ పట్టుకుని "కొట్టకండర్రా, చచ్చిపోతాడు!" అని గొంతు చించుకుంది. నిన్నటిదాకా ఆవిడ మాట జవదాటని పిల్లలే. ఒక్కడూ ఆగలేదు. పోలీసులు వచ్చేసరికి వాడి మొహం మొహంలా లేదు.

ఆసుపత్రిలో మూడోరోజు తోమారుని పిలిపించి, యాపరా జవాబు కాగితాలు తెప్పించుకుంది. మంచం మీద ఎడమచేత్తో మార్కులు కూడింది. మళ్లీ కూడింది. రెండో పేజీలో పద్నాలుగు మార్కులు కూడికలో కలవలేదు. ముప్ఫై ఎనిమిది కాదు, యాభై రెండు.

తోమారు ఆవిడ కాళ్ల దగ్గర కూలబడ్డాడు. "మేడం, ఎవరికీ చెప్పకండి. నన్ను ముక్కలు చేస్తారు."

"నీ పేరు అప్పుడూ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను. కానీ జాబితా మారుతుంది."

పాసయ్యావని గేవా పంపిన ఉత్తరం అందుకుని యాపరా వార్డుకొచ్చాడు. చచ్చిపోయిన అన్నకి మైల పట్టి, వాళ్ల ఆచారం ప్రకారం ఒళ్లంతా బురద పూసుకున్నాడు.

"మా నడిపన్నని మట్టిలో పెట్టొచ్చాను. ఇప్పుడు పాసయ్యానంటున్నారా?"

"అవును. కూడిక చూడకుండా సంతకం పెట్టాను. తప్పు నాది."

వాడు ఆవిడ చేతి కట్టుకేసి చూశాడు. పీక పిసుకుతాడనుకుని నర్సు ముందుకొచ్చింది. వాడు ఉత్తరం నిలువునా చింపి, ముక్కలు దుప్పటి మీద పడేసి వెళ్లిపోయాడు.

లకాయికి పదకొండేళ్లు శిక్ష పడింది. మోకాలు విరిగినవాడికి నాలుగు. నడిపివాణ్ణి కొట్టినవాళ్లలో ఒక్కరి పేరూ బయటికి రాలేదు. తోమారు ఆ నెలలోనే ఉద్యోగం మానేసి తన దీవికి పోయాడు. గేవా డీన్ పదవి వదులుకుని, మళ్లీ సుద్దముక్క పట్టింది.

మరుసటి ఏడు క్లాసులు మొదలైన రెండో వారంలో యాపరా ఆవిడ క్లాసుకి వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. మూడేళ్లు చదివాడు. నాలుగు ప్రశ్నలడిగాడేమో, అవీ కెమిస్ట్రీవే. పట్టా తీసుకున్న రోజు ఆవిడ ముందునుంచే, మొహం తిప్పుకోకుండా, అలాగని పలకరించకుండా నడిచివెళ్లాడు. ఆవిడా పిలవలేదు.